టక్కున ఆగిపోయే బండి: ఇంజిన్ పొజిషన్ సెన్సార్ల సంగతి



ఏటా ఈ సంచికలో మన సొసైటీ జమా ఖర్చులు మీ ముందు ఉంచుతున్నాము. ఈసారి పట్టికలో ‘వాహన మరమ్మతు’ పద్దు చూసి కొందరు సభ్యులు ఇంత ఖర్చు ఎందుకైందని అడిగారు. అడగడం న్యాయమే. ఆ డబ్బు మీ అమానతు. అందులో 8,200 రూపాయలు అనవసరంగా పోయాయని ముందే ఒప్పుకుంటున్నాము. అవి ఎలా పోయాయో, ఏం తెలిసి ఉంటే పోయేవి కావో వివరించడానికే ఈ వ్యాసం. మీలో చాలామంది ఇళ్లలో సెకండ్ హ్యాండ్ కార్లు ఉన్నాయి. కొందరు మన పిల్లలు అలాంటి బండ్లు నడిపే బతుకుతున్నారు. మాకు ఆలస్యంగా తెలిసిన సంగతి మీకు ముందుగా తెలిస్తే మేలు.

జరిగింది ఇది

కిడ్నీ జబ్బుతో బాధపడేవారిని గుంటూరు నుంచి విజయవాడకు డయాలసిస్ కోసం వారానికి రెండుసార్లు తీసుకెళ్లే పెట్రోలు వ్యాను మనకు ఉంది. అది సెకండ్ హ్యాండులో కొన్నది. వేసవిలో ఒక ఉదయం కాజ టోల్ గేటు దాటాక అది నడుస్తూ నడుస్తూనే ఆగిపోయింది. లోపల ముగ్గురు రోగులు. సెల్ఫ్ కొడితే ఇంజిన్ తిరుగుతోంది కానీ అంటుకోవడం లేదు. అరగంట ఎండలో నిలబడ్డాక ఏమీ జరగనట్టు స్టార్ట్ అయింది.

మొదటి గ్యారేజీలో ‘పెట్రోలు అందడం లేదు’ అని ఫ్యూయల్ పంపు మార్చారు. 6,800 రూపాయలు. వారం తిరగకుండా మళ్లీ ఆగింది. రెండో గ్యారేజీలో స్కానర్ పెట్టారు. పీ0335 అనే కోడు వచ్చింది. ‘క్రాంక్ సెన్సార్ పోయింది’ అని కొత్తది వేశారు. 1,400 రూపాయలు. పది రోజులు బాగానే తిరిగింది. పదకొండో రోజు మళ్లీ అదే కథ. ఆ రోజు ఆస్పత్రికి రెండు గంటలు ఆలస్యమైంది. మన చాచా ఒకరి వంతు వేరొకరికి ఇచ్చేశారు. ఆయన సాయంత్రం దాకా బెంచీ మీద కూర్చున్నారు. ‘బండి కదా బేటా, ఏం చేస్తాం’ అని ఆయనే మాకు ధైర్యం చెప్పారు. ఆ మాట మమ్మల్ని ఇంకా సిగ్గుపడేలా చేసింది.

మూడోసారి ఇంజిన్ కంప్యూటరే మార్చాలని, 35,000 అవుతుందని చెప్పారు. కమిటీ ముందు ఆ అంచనా పెట్టినప్పుడు దాతల్లో ఒక పెద్దాయన ‘ఒక్కసారి ఆటోనగర్‌లో నాకు తెలిసిన ఉస్తాద్‌కు చూపించండి, తర్వాతే సంతకం పెట్టండి’ అన్నారు. ఉస్తాద్ బండిని ఒక పూట ఉంచుకుని 700 రూపాయలతో బాగుచేసి పంపారు. అప్పటినుంచి ఆ బండి దారిలో ఆగలేదు. ఆయన చేసిందేమిటో తెలియాలంటే ముందు ఈ సెన్సార్లు చేసే పని తెలియాలి.

సెన్సార్ చేసే పని

ఇంజిన్‌లో పిస్టన్లు పైకీ కిందికీ ఆడుతుంటే వాటి కింద క్రాంక్ షాఫ్ట్ తిరుగుతుంది. వాల్వులను తెరిచి మూసేది పైనున్న క్యామ్ షాఫ్ట్. క్రాంక్ రెండు చుట్లు తిరిగితే క్యామ్ ఒక్క చుట్టు తిరుగుతుంది. ఏ సిలిండర్‌లో పెట్రోలు ఎప్పుడు చిమ్మాలి, స్పార్క్ ఎప్పుడు ఇవ్వాలి అనేది ఇంజిన్ కంప్యూటర్, అంటే ఈసీయూ, నిర్ణయిస్తుంది. పిస్టన్ ఎక్కడుందో దానికి చెప్పే కళ్లు ఈ రెండు సెన్సార్లే: క్రాంక్ షాఫ్ట్ పొజిషన్ సెన్సార్, క్యామ్ షాఫ్ట్ పొజిషన్ సెన్సార్.

క్రాంక్‌తో పాటు తిరిగే ఒక పళ్ల చక్రం ఉంటుంది. చాలా కార్లలో దాని మీద 60 పళ్లకు చోటుంటుంది కానీ 58 పళ్లే ఉంటాయి. రెండు పళ్ల చోటు కావాలనే ఖాళీగా వదులుతారు. తస్బీహ్ తిప్పేటప్పుడు కళ్లు మూసుకున్నా, పెద్ద పూస వేలికి తగలగానే ఒక చుట్టు పూర్తయిందని తెలుస్తుంది కదా, ఇదీ అంతే. ఖాళీ రాగానే ఈసీయూ లెక్క మళ్లీ మొదలుపెడుతుంది. ఒక్కో పన్ను 6 డిగ్రీలు. అలా లెక్కపెడుతూ పిస్టన్ ఎక్కడుందో కనిపెడుతుంది. అయితే పిస్టన్ పైకి వచ్చినప్పుడు అది మండించే వంతా, పొగ బయటికి తోసే వంతా అన్నది క్రాంక్ ఒక్కటే చెప్పలేదు. ఆ తేడా చెప్పేది క్యామ్ సెన్సార్.

అందువల్లనే క్రాంక్ సంకేతం పోతే చాలా బండ్లలో స్పార్కూ, ఇంధనమూ రెండూ ఒకేసారి ఆగిపోతాయి. క్యామ్ సంకేతం పోతే మాత్రం చాలా పెట్రోలు బండ్లు నడుస్తూనే ఉంటాయి. స్టార్ట్ కావడానికి ఎక్కువసేపు సెల్ఫ్ కొట్టాల్సి వస్తుంది, లాగుడు తగ్గుతుంది, మైలేజీ పడిపోతుంది. కొన్ని బండ్లు మాత్రం ఆపితే తిరిగి స్టార్ట్ కావు.

రెండు రకాలు

రెండు వైర్ల సెన్సార్‌లో అయస్కాంతం చుట్టూ తీగ చుట్ట ఉంటుంది. చక్రం పళ్లు ముందు నుంచి పోతుంటే అది తనంతట తానే కొద్దిపాటి ఏసీ కరెంటు పుట్టిస్తుంది. చక్రం వేగంగా తిరిగితే వోల్టేజీ పెరుగుతుంది, నెమ్మదిగా తిరిగితే తగ్గుతుంది. కొన్నింటికి మూడో వైరు కూడా ఉంటుంది. అది బయటి అలజడి తగలకుండా కాపాడే షీల్డ్.

మూడు వైర్ల హాల్ సెన్సార్‌కు బయటి నుంచి కరెంటు కావాలి. ఒక వైరులో 5 లేదా 12 వోల్టులు, ఒకటి ఎర్త్, ఒకటి సంకేతం. దీని సంకేతం ఉందా లేదా అన్నట్టుగా మెట్లు మెట్లుగా వస్తుంది.

బండికి ఏ రకం ఉందో తెలుసుకోకుండా పరీక్ష మొదలుపెట్టకూడదు. రెండు వైర్ల సెన్సార్‌కు చేసే ఓమ్స్ పరీక్ష మూడు వైర్ల దానికి పనికిరాదు. పైగా దాన్ని పాడు చేసే ప్రమాదం ఉంది.

లక్షణాలు ఎలా చదవాలి

పెట్రోలు అందక ఆగే బండికీ, క్రాంక్ సంకేతం పోయి ఆగే బండికీ తేడా ఉంటుంది. పెట్రోలు తగ్గుతుంటే బండి సాధారణంగా దగ్గుతుంది, లాగలేక ఊగుతుంది, ఆ తర్వాత ఆగుతుంది. సంకేతం పోతే కీ తిప్పి ఆపినట్టు టక్కున ఆగుతుంది.

ఇంకొక గుర్తు ఉంది. గేరులో ఉండగా ఇంజిన్ ఆగినా, క్లచ్ తొక్కనంతవరకూ చక్రాలు ఇంజిన్‌ను తిప్పుతూనే ఉంటాయి. అలాంటప్పుడు ఆర్‌పీఎం ముల్లు బండితో పాటు మెల్లగా దిగాలి. బండి ఇంకా దొర్లుతుండగానే ముల్లు ఒక్కసారిగా సున్నాకు పడిపోతే, ఇంజిన్ తిరుగుతున్న సంగతి ఈసీయూకు తెలియడం లేదన్నమాట. చాలా కార్లలో ఆ ముల్లుకు సమాచారం వచ్చేది క్రాంక్ సెన్సార్ నుంచే.

మన డ్రైవరు తమ్ముడు మొదటి రోజే ఈ మాట చెప్పాడు. ‘ముల్లు టక్కున పడిపోయింది సార్, బండి ఇంకా పోతానే ఉంది’ అని. గ్యారేజీలో ఎవరూ పట్టించుకోలేదు. మేమూ పట్టించుకోలేదు. ఆ ఒక్క మాట విని ఉంటే ఫ్యూయల్ పంపు మార్చేవాళ్లం కాదు.

వేడెక్కాక ఆగి, చల్లారాక స్టార్ట్ కావడం ఈ జబ్బుకు మరో లక్షణం. సెన్సార్ లోపలి తీగ వేడికి సాగి విడిపోతుంది, చల్లారాక మళ్లీ అతుక్కుంటుంది. అయితే వేడికి మొరాయించేది సెన్సార్ ఒక్కటే కాదు. ఫ్యూయల్ పంపు, రిలే, ఇగ్నిషన్ కాయిల్, వైరింగ్ కూడా వేడికే మొరాయించవచ్చు. లక్షణం దారి చూపుతుందే గాని తీర్పు చెప్పదు.

కోడు చెప్పేది, చెప్పనిది

మన దేశంలో కొత్త కార్లకు 2017 ఏప్రిల్ నుంచి అంతటా భారత్ స్టేజ్ 4, 2020 ఏప్రిల్ నుంచి భారత్ స్టేజ్ 6 నిబంధనలు వచ్చాయి. ఈ కార్లకు డ్యాష్‌బోర్డు కింద 16 పిన్నుల సాకెట్ ఉంటుంది. స్కానర్‌ను దానికే తగిలిస్తారు. ఫోనుతో పనిచేసే చిన్న బ్లూటూత్ పరికరాలు కూడా తక్కువ ధరకు దొరుకుతున్నాయి.

పీ0335 అంటే క్రాంక్ సెన్సార్ సర్క్యూట్‌లో లోపం. పీ0336 అంటే సంకేతం వస్తోంది కానీ సరిగ్గా లేదు. పీ0339 అంటే వస్తూ పోతూ ఉంది. పీ0340 క్యామ్ సెన్సార్ సర్క్యూట్‌కు సంబంధించినది. పీ0016 అంటే క్రాంక్, క్యామ్ చెప్పే లెక్కలు ఒకదానితో ఒకటి పొసగడం లేదు.

‘సర్క్యూట్’ అన్న మాటను దయచేసి గమనించండి. సర్క్యూట్ అంటే సెన్సార్, దాని కప్లర్, అక్కడి నుంచి ఈసీయూ దాకా పోయే వైర్లు, ఎర్త్, అన్నీ కలిపి. పీ0335 వస్తే ‘సెన్సార్ పోయింది’ అనడం, ఇంట్లో బల్బు వెలగకపోతే బల్బే పోయిందనడం లాంటిది. స్విచ్చు కావచ్చు, ఫ్యూజు కావచ్చు, గోడలో వైరు కావచ్చు. మేము 1,400 పోగొట్టుకున్నది ఇక్కడే.

పీ0016 వస్తే మరింత జాగ్రత్త అవసరం. సెన్సార్లు రెండూ బాగానే ఉండి టైమింగ్ చైను సాగినా, బెల్టు ఒక పన్ను జారినా ఇదే కోడు రావచ్చు. చాలా ఇంజిన్లలో టైమింగ్ బాగా తప్పితే వాల్వులు పిస్టన్లకు కొట్టుకుంటాయి. కాబట్టి చూపించేదాకా బండి తిప్పకపోవడమే మంచిది.

ఏ వరసలో చూడాలి

ఖర్చు లేనివి ముందు, ఖర్చయ్యేవి తర్వాత. ఉస్తాద్ మాకు నేర్పిన వరస ఇది.

ఒకటి, బ్యాటరీ. సెల్ఫ్ నీరసంగా తిరిగితే రెండు వైర్ల సెన్సార్ సంకేతం చాలినంత రాదు. బ్యాటరీ బలహీనమైతే తప్పు సెన్సార్ మీద పడుతుంది. బ్యాటరీ టెర్మినళ్లు, ఇంజిన్ ఎర్త్ పట్టీ కూడా చూడాలి.

రెండు, కంటితో చూడటం. కప్లర్ విప్పి లోపల పచ్చటి చిలుము, ఆయిలు, వంగిన పిన్ను ఉన్నాయేమో చూడాలి. క్యామ్ సెన్సార్ కప్లర్‌లోకి ఆయిలు ఊరడం పాత బండ్లలో మామూలే. ఎక్కువ రోజులు నిలబెట్టిన బండిలో ఎలుకలు వైర్లు కొరుకుతాయి.

మూడు, స్కానర్‌లో ఆర్‌పీఎం. సెల్ఫ్ కొడుతూ చూస్తే సాధారణంగా 150 నుంచి 300 మధ్య అంకె కనిపించాలి. అంకె నిలకడగా వస్తుంటే ఆ సమయానికి క్రాంక్ సంకేతం అందుతున్నట్టే, వేరేచోట వెతకాలి. సున్నా చూపిస్తే సంకేతం రావడం లేదు. బండి మొరాయించిన క్షణంలోనే ఈ పరీక్ష చేయాలి. చల్లారి బాగున్నప్పుడు చేస్తే ఫలితం ఉండదు.

నాలుగు, మల్టీమీటర్. రెండు వైర్ల సెన్సార్‌ను కప్లర్ విప్పి ఓమ్స్‌లో చూస్తే చాలా బండ్లలో కొన్ని వందల నుంచి వెయ్యి పైచిలుకు వరకు వస్తుంది. ఆ మోడల్‌కు ఎంత ఉండాలో సర్వీసు పుస్తకంలో చూడాలి. అనంతం చూపిస్తే తీగ తెగినట్టు, సున్నా చూపిస్తే లోపల కలిసిపోయినట్టు. చల్లగా ఉన్నప్పుడు ఒకసారి, హెయిర్ డ్రయర్‌తో వేడి చేసి మరొకసారి చూస్తే వేడికి తెగే సెన్సార్ అక్కడే దొరికిపోతుంది. మూడు వైర్లదైతే కీ ఆన్ చేసి కప్లర్‌లో కరెంటు వస్తోందా, ఎర్త్ ఉందా చూడాలి. ఆ రెండూ లేకుండా కొత్త సెన్సార్ వేసినా పనిచేయదు.

ఐదు, వైరు కదిలించడం. ఇంజిన్ బాగా వేడెక్కాక, నడుస్తుండగా వైర్ల కట్టను ఒక చెక్క పుల్లతో అక్కడక్కడా మెల్లగా కదిలించాలి. చున్నీ, చొక్కా చేతులు, వేళ్లు ఫ్యానుకూ బెల్టుకూ దూరంగా ఉండాలి.

మన బండి జబ్బు బయటపడింది ఈ ఐదో మెట్టులోనే. ఇంజిన్ మౌంటింగ్ దగ్గర పుల్ల తగలగానే ఇంజిన్ ఆగిపోయింది. అక్కడ వైర్లను పట్టి ఉంచే ప్లాస్టిక్ క్లిప్పు ఎప్పుడో విరిగింది. వైరు ఇనుప బ్రాకెట్‌కు రాసుకుని పైతొడుగు అరిగిపోయింది. వేడికి మెత్తబడ్డప్పుడు లోపలి రాగి ఇనుముకు తగిలి సంకేతం ఎర్త్ అయిపోతోంది. ఉస్తాద్ అంతటితో ఆగలేదు. బ్యాటరీ తీసి, రెండు చివర్లా కప్లర్లు విప్పి, వైరుకూ బాడీకీ మధ్య మీటరు పెట్టారు. వైరును నొక్కినప్పుడల్లా మీటరు కూత పెట్టింది. ‘ఇప్పుడు నమ్మండి’ అన్నారు.

మరి సెన్సార్ మార్చాక పది రోజులు ఎందుకు బాగుంది? మార్చేటప్పుడు వైరును లాగి పక్కకు పెట్టారు. అది మళ్లీ జరిగి బ్రాకెట్‌ను చేరడానికి పది రోజులు పట్టింది. ‘బాగైంది అనుకోవడం వేరు, ఎందుకు బాగైందో తెలియడం వేరు’ అని ఉస్తాద్ నవ్వారు. వైరుకు టాంకా వేసి, వేడికి తట్టుకునే తొడుగు ఎక్కించి, కొత్త క్లిప్పు పెట్టారు. మార్చమన్న ఆ ఈసీయూ ఇవాళ్టికీ అదే.

నిజంగానే సెన్సార్ మార్చవలసి వస్తే

చాలా బండ్లలో అది ఒక్క బోల్టు పని. పాతది తీసి మొన చూడాలి. అయస్కాంతానికి ఇనుప రజను అంటుకుని ఉంటే తుడిచి ముందు దాన్నే వేసి చూడవచ్చు. రజను మరీ ఎక్కువుంటే అది ఎక్కడినుంచి వస్తోందో కూడా చూడాలి. పళ్ల చక్రానికి పన్ను విరిగిందేమో టార్చి వేసి చూడాలి. కూర్చునే చోటు శుభ్రం చేసి, ఓ రింగుకు చుక్క ఆయిలు రాసి, బోల్టును మితంగా బిగించాలి. సెన్సార్‌కూ పన్నుకూ మధ్య సందు చాలా బండ్లలో ఒక మిల్లీమీటరుకు అటూ ఇటూ మాత్రమే. సరిగ్గా కూర్చోకపోతే సంకేతం తప్పుతుంది. కొన్ని మోడళ్లలో మార్చాక స్కానర్‌తో ఈసీయూకు మళ్లీ నేర్పించాలి. సగం ధరకు దొరికే నకిలీల జోలికి పోవద్దని మా మనవి.

బండి కొనేటప్పుడు

కీ ఆన్ చేయగానే చెక్ ఇంజిన్ లైటు వెలగాలి, స్టార్ట్ అయ్యాక ఆరిపోవాలి. అసలు వెలగకపోతే ఆ లైటునే ఎవరో పీకి ఉండవచ్చు. కోడ్లు ఏమీ లేవని సంతోషించే ముందు స్కానర్‌లో ‘రెడీనెస్’ పేజీ చూడండి. పరీక్షలు చాలావరకు ‘పూర్తి కాలేదు’ అని ఉంటే, ఈమధ్యే కోడ్లు చెరిపారని గానీ బ్యాటరీ తీశారని గానీ అర్థం. కోడు ఉంటే ‘ఫ్రీజ్ ఫ్రేమ్’ చూడండి. లోపం వచ్చిన క్షణంలో ఇంజిన్ వేడి ఎంత, వేగం ఎంత అన్నవి అందులో ఉంటాయి. చల్లటి బండిని ఐదు నిమిషాలు నడిపి బయానా ఇవ్వకండి. కనీసం ముప్పావుగంట నడిపి, ఆపి, వేడి మీదే మళ్లీ స్టార్ట్ చేసి చూడండి. మేము కొన్నప్పుడు ఇది చేయలేదు.

దారిలో ఆగితే

కీ తీయకండి, స్టీరింగ్ లాక్ పడుతుంది. ఇంజిన్ ఆగాక ఒకటి రెండుసార్లు బ్రేకు మామూలుగానే పడుతుంది. తర్వాత పెడల్ గట్టిపడుతుంది, స్టీరింగూ బరువెక్కుతుంది. కాబట్టి బ్రేకును పదేపదే తొక్కకుండా, నాలుగు లైట్లు వేసి, ఊపు ఉన్నప్పుడే ఎడమ పక్కకు తీయండి. మనుషులను రోడ్డుకు దూరంగా నిలబెట్టండి.

చివరిగా మేము చేసుకున్న ఏర్పాటు చెప్పుకోవాలి. ఇకపై వ్యానులో ఒక నోటు పుస్తకం ఉంటుంది. బండి ఎప్పుడు ఆగింది, ఎంతసేపు నడిచాక, ముల్లు ఎలా పడింది, ఎంతసేపటికి స్టార్ట్ అయింది అన్నది డ్రైవరే రాస్తాడు. గ్యారేజీకి ఆ పుస్తకంతోనే వెళ్తాము. ఏ భాగమైనా మార్చేముందు ‘అదే పోయిందని ఎలా తేలింది?’ అని అడిగి, జవాబు రాసుకున్నాకే డబ్బు ఇస్తాము. తీసిన పాత భాగాన్ని వెనక్కి తెచ్చుకుంటాము. వ్యాను ఇప్పుడు వారానికి రెండుసార్లు వేళకు వెళ్లి వస్తోంది. చాచా తన పాత కిటికీ పక్క సీటులోనే కూర్చుంటున్నారు.